ఒక చుక్క నూనె, ఒక మడత చాకు

2022 ఆగస్టు. ఢిల్లీలోని మునిర్కాలో షాపు పెట్టి అప్పటికి పదిహేడేళ్లు. మెయిన్ రోడ్డు మీంచి ఊళ్లోకి తిరిగే గల్లీలో, జిరాక్సు దుకాణానికీ మోమోల బండికీ మధ్య, ఎనిమిదడుగుల వెడల్పు కొట్టు. తాళాలు, టార్చిలైట్లు, స్క్రూడ్రైవర్లు, కొండలెక్కే యూనివర్సిటీ పిల్లలకు తాళ్లూ కొక్కేలూ అమ్ముతాను. అయితే నాకు పేరు తెచ్చినవి మాత్రం మడత చాకులే. వసంత్ కుంజ్‌లో ఉండే పెద్ద ఆఫీసర్లు కూడా డ్రైవర్ని పంపకుండా స్వయంగా వచ్చి నన్ను సలహా అడుగుతారని ఇంట్లో గొప్పలు చెప్పుకునేవాణ్ణి. మా ఆవిడ వినీ వినీ విసుగెత్తి, "చాకుల కలెక్టరు గారూ, ముందు కూరగాయలు తెండి" అనేది.

కలెక్టరు అనడంలో ఒక ఎత్తిపొడుపు ఉంది లెండి. మాది నెల్లూరు జిల్లా. సివిల్ సర్వీసెస్ రాద్దామని వచ్చి, ముఖర్జీ నగర్‌లో నాలుగేళ్లు ఒకే గదిలో కూర్చుని చదివి, మొదటి మెట్టు మీదే మూడుసార్లు బోల్తాపడ్డాను. ఇంటికి మొహం చూపించలేక పాత ఢిల్లీలో ఒక హోల్‌సేల్ సామాన్ల వ్యాపారి దగ్గర పనికి చేరాను. ఆయన్ని అందరూ ఉస్తాద్ అనేవారు. చాకు పట్టుకోవడం నేర్పింది ఆయనే. "గ్రాహక్ చేతిలో చాకూ మక్ఖన్‌లా తెరుచుకోవాలి బేటా" అనేవాడు. కొన్నవాడి చేతిలో వెన్నలా తెరుచుకోవాలని ఆయన మాట. అందుకని అమ్మే ప్రతి చాకు మడతలోనూ ఒక చుక్క మిషను నూనె వేయించేవాడు, పిడి చివర ఉండే చిల్లుకి ఎర్ర దారం కట్టించేవాడు. నూనె చాకు కోసం, దారం దిష్టి కోసం. నేను సొంత కొట్టు పెట్టుకున్నాక కూడా ఆ రెండూ మానలేదు. ఉస్తాద్ ఒక చుక్క వేయమంటే నేను ప్రేమకొద్దీ రెండు వేసేవాణ్ణి.

ఇక్కడ కొంచెం పనిమాట చెప్పాలి. మడత చాకుకి ప్రాణం దాని లాక్‌లో ఉంటుంది. తెరిచిన బ్లేడు మళ్లీ మన వేళ్ల మీదకి మడతపడకుండా పట్టి ఉంచే ఏర్పాటు అది. ఎక్కువగా అమ్ముడుపోయేది లైనర్ లాక్. పిడి లోపల ఒక పల్చని ఉక్కు పట్టీ ఉంటుంది, బ్లేడు పూర్తిగా తెరుచుకోగానే అది పక్కకు జరిగి బ్లేడు మొదలుకి అడ్డంగా నిలబడుతుంది. బ్యాక్ లాక్‌లో పిడి వీపు మీద ఒక కడ్డీ ఉంటుంది, అది బ్లేడు గాడిలో దిగి కూర్చుంటుంది. ఇక రింగ్ లాక్ పాతకాలం పద్ధతి. చెక్క పిడి మెడకి చీలిక ఉన్న ఉక్కు కట్టు ఉంటుంది, చేత్తో తిప్పితే బ్లేడు దారి మూసుకుపోతుంది. బటన్ నొక్కగానే ఎగిరి తెరుచుకునే రకం నేను పెట్టను, దాంతో పోలీసులతో పేచీ.

ఆ రోజు మధ్యాహ్నం ఉక్కపోతతో ప్రాణం పోతోంది. ఒక ఆటో ఆగింది. యాభై ఏళ్లావిడ, లేత నీలం కాటన్ చీర, భుజాన బ్యాగు, చేతిలో తెల్ల కర్ర. కర్రతో మెట్టును ఒకసారి తట్టి, రెండో మెట్టు ఉందేమోనని చూసి, లోపలికి వచ్చి కౌంటరు మీద అరచెయ్యి ఆనించారు.

"భయ్యా, పక్కా లాక్ వాలా చాకూ దిఖాయియే. ఫోల్డ్ అయ్యేది."

గట్టి లాక్ ఉన్న చాకు చూపించమని హిందీలో అడిగినా, ఆ చివరి మాటతో తెలుగావిడని తెలిసిపోయింది. సంతోషం పట్టలేక నోరు జారాను. "మీది తెలుగా మేడమ్! కూర్చోండి. అయినా మీకెందుకండీ చాకు? తొక్క తీసే పీలర్ ఇస్తాను, చెయ్యి తెగదు."

ఆవిడ నా గొంతు వచ్చిన వైపు మొహం తిప్పారు.

"మీరు తింటానికి ఏం వాడతారండీ?"

"చెయ్యే..."

"నేనూ అంతే. పళ్లు కోసుకోటానికి చాకే వాడతాను. కళ్లు లేవు గానీ పళ్లున్నాయి నాకు."

నాలుక కరుచుకున్నాను. మంచినీళ్లిచ్చి, స్టూలు వేసి, మర్యాదగా మళ్లీ మొదలుపెట్టాను. ఆవిడ పేరు రాహేలు. గుంటూరు వైపు వాళ్లు. వసంత్ కుంజ్ దగ్గర ఒక ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. చెల్లెలు అదే ఊళ్లో ఇంకో ఆసుపత్రిలో నర్సు, ఇద్దరూ కలిసి ఉంటారు.

"మామూలు చాకు ఎందుకు వద్దండీ? మడిచేదే కావాలా?" అన్నాను.

"నా డెస్కు సొరుగులో ఏదన్నా వెతకాలంటే దేంతో వెతుకుతాను? వేళ్లతోనేగా. దాంట్లో నోరు తెరుచుకున్న కత్తి పడుంటే ఎట్టా? మూసుకుని ఉండాలి. తెరిచినప్పుడు మాత్రం చచ్చినా మూసుకోకూడదు. ఈ రెండే నాకు కావాల్సింది."

పదిహేడేళ్లలో మడత చాకు ఎందుకు కావాలో ఇంత స్పష్టంగా చెప్పిన మనిషి లేడు. కుర్రాళ్లు వచ్చి బ్లేడు మెరుపు చూస్తారు, పిడి రంగు చూస్తారు, ఫోనులో ఫొటో తీసుకుంటారు. లాక్ సంగతి నేను చెబితేనే వింటారు.

ఆవిడ కుడి చెయ్యి కౌంటరు మీద ఉంది. అప్పుడు చూశాను చూపుడువేలిని. మధ్య కణుపు నుంచి కొస దాకా ఏటవాలుగా ఒక మచ్చ, ఇంకా గులాబీ రంగులోనే ఉంది. ఆ ఒక్క వేలు మిగతా వాటికి దూరంగా, కొంచెం పైకి లేచి ఉంది.

"చాకేనా?" అన్నాను.

"చాకే. మే నెల్లో. పచ్చి మామిడికాయ కోస్తున్నాను. టెంకలో ఇరుక్కుంది. లాగుదామని కొంచెం పైకి ఎత్తాను, అంతే, లాక్ జారింది. నా వేలి మీదకే మడతపడింది." అదేదో వంటలో ఉప్పు ఎక్కువైందన్నట్టు చెప్పారావిడ. "కుట్లు బాగానే మానినయ్. కానీ కొసలో స్పర్శ తెలీటం లేదు. నేను చదివేది ఈ వేలితోనే."

బ్రెయిలీ గురించి చెప్పారు. మందపు కాగితం మీద ఉబ్బెత్తు చుక్కలు ఉంటాయట, వాటిని వేలితో తడుముతూ చదువుతారు. ఏడో ఏట నుంచీ ఆవిడ ఆ వేలితోనే చదివారు. ఇరవై రెండేళ్లుగా వాళ్ల తెలుగు చర్చిలో క్రిస్మస్ ఆరాధనకి వాక్యం చదివేది ఆవిడే. ఇప్పుడు ఎడమ చేత్తో కూడబలుక్కుంటూ చదువుతుంటే ఒక్క పేజీకి పావుగంట పడుతోంది.

"నరం చిగురించటానికి నెలలు పడతదంది చెల్లి. రావచ్చు, రాకపోవచ్చు. క్రిస్మస్ దాకా చూసి, రాకపోతే వాక్యం వేరేవాళ్లకి ఇచ్చెయ్యమని పాస్టరు గారికి నేనే చెప్పాను." మచ్చని బొటనవేలితో రుద్దుకున్నారు. "వేళ్లు పదీ ఉన్నా, నాకు కళ్లు మాత్రం అదొక్కటేనండీ. ఇంకోసారి పోతే మరి లేదు."

గల్లాపెట్టె వెనక నుంచి లేచి, ఉన్నవాటిలో మేలైనవి ఆరు తీసి వరసగా పెట్టాను. అలవాటుగా వర్ణన మొదలెట్టబోయాను.

"ఏమీ అనుకోవద్దు. కాసేపు మాట్లాడకుండా ఉంటారా?" అన్నారావిడ.

ఉన్నాను. ఆ తర్వాత జరిగింది నేను చచ్చేదాకా మర్చిపోను.

మొదటి చాకు తీసుకుని, తెరవకుండానే పిడి మొత్తం ఎడమ చేతి వేళ్లతో తడిమారు. స్క్రూ ఎక్కడుంది, పట్టీ ఎక్కడుంది, బ్లేడు ఏ వైపు నుంచి వస్తుంది, అన్నీ. తర్వాత మెల్లగా తెరిచారు. చెవి దగ్గర పెట్టుకుని మూసి, మళ్లీ తెరిచారు. మూడుసార్లు. పక్కన పెట్టేశారు. రెండోది తెరిచి, బ్లేడు వీపును రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ, కిందికీ మీదికీ కదిపారు. నాకు కదిలినట్టే కనపడలేదు. "ఊగుతోంది" అని అదీ పక్కన పెట్టారు. నేను తీసుకుని వెలుతురులో పెట్టి చూస్తే నిజంగానే వెంట్రుకవాసి ఊపు ఉంది. దీన్ని మేము బ్లేడ్ ప్లే అంటాం. ఆ చాకును నేను అద్దాల పెట్టెలో అందరికీ కనపడేలా పెట్టి ఏడాదైంది.

మూడోది నా షాపులోకెల్లా ఖరీదైనది, లైనర్ లాక్. కడ్డీలా గట్టిదని నేను పందెం కాసేవాణ్ణి. ఆవిడ తెరిచి, చెవి పెట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. తర్వాత పిడిని రెండు పక్కలనుంచి మాత్రమే, అరచేతుల మధ్య నమస్కారం పెట్టినట్టు పట్టుకున్నారు. బ్లేడు పడే దారిలో ఒక్క వేలు లేదు. బ్లేడు వీపును నా కౌంటరు చెక్క అంచుకు ఆనించి, మెల్లగా బరువు మోపారు.

పట్టీ జారింది. బ్లేడు టప్పున మడతపడింది.

నేను ఒక్క కేక పెట్టాను. ఆవిడకి ఏమీ కాలేదు, అరచేతులు కదలనైనా లేదు. మోమోల బండి అతను తొంగి చూసి, "క్యా హువా ప్రసాద్ భాయ్?" అన్నాడు. ఏం కాలేదని అతనికి చెయ్యి ఊపాను. ఏటా ఎంతమందికి అమ్మానో ఆ రకం! చేత్తో ఆడించి చూసి బాగుందనుకోవడమే గానీ, వీపు మీద నొక్కి చూడాలన్న బుద్ధి నాకు ఏనాడూ పుట్టలేదు.

"దీంట్లో నూనె వేశారా?" అన్నారు రాహేలు గారు.

"అన్నింట్లో వేస్తానండీ. సాఫీగా తెరుచుకోవాలని..."

"తెరుచుకుంటానికి వేశారు. అది పోయి పట్టుకునే చోట కూడా చేరింది. నూనె చేత్తో సీసా మూత తిప్పి చూడండి, పట్టు దొరకదు. ఇదీ అంతే."

బ్యాగులోంచి ఒక చేతిరుమాలు తీసి విప్పారు. లోపల మడిచిన చాకు. పిడి చివర చిల్లుకి ఎర్ర దారం, రెండు ముళ్లు, కొసలు సమానంగా కత్తిరించి ఉన్నాయి. ఆ ముడి నాది. ఢిల్లీలో ఇంకెవరూ అలా వెయ్యరు.

ఆ వేలిని కోసింది నా చాకు.

"నిరుడు మా చెల్లి కొనిపెట్టింది. మీ షాపులోనే" అన్నారు మామూలుగా. "దారం తగిలినప్పుడల్లా అనుకునేదాన్ని, ఎవరో శ్రద్ధగా కట్టారని."

నిజం చెప్పేస్తాను. ఆ క్షణంలో నా నాలుక చివరిదాకా ఒక మాట వచ్చింది. టెంకలో ఇరికించి ఎత్తితే ఏ చాకైనా అంతేనండీ, అది వాడిన తీరు. ఈ మాట మా వ్యాపారంలో అందరికీ కంఠతా వచ్చు. ఇంతకు ముందు నేనూ ఇద్దరు ముగ్గురితో అని ఉంటాను. ఆవిడకి కనపడదు, నా మొహంలో రంగు మారడం కూడా తెలియదు.

"తెలిసి కూడా ఇక్కడికే వచ్చారా? తిట్టడానికైనా రాలేదే మీరు" అన్నాను చివరికి.

"తిట్టటానికి చెల్లి వస్తానంది, నేనే వద్దన్నాను. ఎందుకు జారిందో తెలియకపోతే, ఇంకే చాకు కొన్నా చెయ్యి వణుకుతూనే ఉంటదిగా. చేసినాయనకో అమ్మినాయనకో తెలిసుండాలి. చేసినాయన ఎక్కడున్నాడో నాకు తెలీదు. మీరు చూసి చెప్పండి. ఉన్నదున్నట్టు చెప్పండి చాలు."

ఆ చాకు స్క్రూ విప్పాను. పట్టీ కొస, బ్లేడు మొదలు, రెండూ ఒరుసుకునే చోట నల్లటి నూనె జిడ్డు, దాంట్లో దుమ్ము. స్పిరిట్‌తో తుడిచి, ఆరబెట్టి, మళ్లీ బిగించి, ఆవిడ చేసినట్టే చెక్క అంచుకు ఆనించి నొక్కాను. కదల్లేదు. ఇంకా నొక్కాను. రాయిలా నిలబడింది. అదే చాకు, అదే లాక్.

"నా తప్పేనండీ" అన్నాను. "చాకు మంచిదే. నూనె నాది. ఒక చుక్క వెయ్యమంటే రెండు వేశాను, ఎక్కడ వెయ్యకూడదో తెలుసుకోలేదు. మీ వేలు నా మూలాన పోయింది."

కౌంటరు మీద తల ఆనించుకుని ఏడ్చానని చెప్పడానికి నాకు సిగ్గు లేదు. నలభై ఏడేళ్ల వాణ్ణి, పట్టపగలు. ఆవిడ లేచి వెళ్లిపోతారనుకున్నాను. ఎడమ చెయ్యి చాచి, తడుముకుని, నా మణికట్టు మీద రెండుసార్లు తట్టారు.

"హమ్మయ్య. మామిడికాయ కోయటం నాకు రాలేదేమో అనుకుంటున్నాను మూడు నెలల్నుంచి" అన్నారు.

అంతకాలం ఆవిడ తప్పు తనదే అనుకుంటూ ఉన్నారన్నమాట. ఆ మాట విన్నాక నేను ఇంకో పది నిమిషాలు ఎటూ పనికిరాలేదు.

తర్వాత ఇద్దరం కూర్చుని తీరిగ్గా చాకు ఎంచాం. తుడిచిన లైనర్ లాక్ ఇస్తానంటే వద్దన్నారు. "దీన్ని మూయాలంటే పట్టీని బొటనవేలితో నెట్టాలి, అప్పుడు వేలు బ్లేడు దారిలోనే ఉంటది. నాకు కుదరదు." బ్యాక్ లాక్ నచ్చింది గానీ, గాడిలో పూర్తిగా కూర్చుందో లేదో తడిమితే తెలియడం లేదన్నారు. శబ్దం ఒక్కటే ఆధారం, ఆసుపత్రి రిసెప్షన్ గోలలో ఆ శబ్దం వినపడదు. ఇక మిగిలింది, అందరూ చవకరకం అంటారని నేను కింది సొరుగులో పడేసిన రింగ్ లాక్. సిగ్గుపడుతూనే తీసి ఇచ్చాను.

తెరిచారు. కట్టును తిప్పారు. కట్టులోని చీలిక బ్లేడు ఎదుట నుంచి పక్కకు పోయింది. బొటనవేలితో దాన్ని తడిమారు. మళ్లీ తిప్పారు, మళ్లీ తడిమారు. మొహం విప్పారింది.

"ఇది చెబుతోంది! తాళం పడిందా లేదా అని అడిగితే చెబుతోంది!" చిన్నపిల్లలా అన్నారు. వీపు మీద నొక్కి చూశారు, వెంట్రుకవాసి కూడా కదల్లేదు. మూసేటప్పుడు వేళ్లన్నీ బయటే ఉన్నాయి.

నేను ఆకురాయి తీసి ఆ కట్టు మీద గోరు ఆనేటంత గాటు పెట్టాను, పూర్తిగా తిరిగితే అది సరిగ్గా పిడి నడిమికి వచ్చేలా. వానాకాలంలో చెక్క ఉబ్బి బ్లేడు బిగుసుకుంటుంది, బలవంతం చెయ్యకుండా ఎండలో పెట్టమని చెప్పాను. నూనె వెయ్యలేదు. దారం కట్టబోయి ఆగాను.

"కట్టండి. దానిమీద నాకేం కోపం?" అన్నారు.

ఆ సాయంత్రమే షాపులో ఉన్న చాకులన్నీ విప్పి తుడవడం మొదలుపెట్టాను. నాలుగు రోజులు పట్టింది. కొన్నవాళ్ల నంబర్లు ఉన్నంతవరకూ ఫోను చేసి, తెచ్చుకుంటే ఉచితంగా తుడిచిపెడతానన్నాను. ఎందుకని అడిగిన వాళ్లందరికీ తప్పు నాదేనని చెప్పాను. కొందరు నవ్వారు, కొందరు గట్టిగానే అన్నారు. పడ్డాను. ఇప్పుడు పుల్ల కొసతో నూనె తీసి, బ్లేడు తిరిగే ఇరుసుకి మాత్రమే, ఆవగింజంత అంటిస్తాను. కౌంటరు అంచుకు ఒక చెక్క ముక్క మేకులు కొట్టి పెట్టాను. బ్లేడు వీపు దానికి ఆనించి నొక్కి చూపించందే చాకు చేతిలో పెట్టను. కొనేవాళ్లని ఒక్కసారి కళ్లు మూసుకుని లాక్ పడిందో లేదో చెప్పమంటాను. చెప్పలేకపోతే ఆ చాకు వాళ్లది కాదు.

క్రిస్మస్ వచ్చింది, వెళ్లింది. ఫోను చేసి అడగాలని ఎన్నిసార్లో అనుకున్నాను. వినకూడని మాట వింటానేమోనని చెయ్యలేదు. జనవరిలో, పొగమంచు పదకొండైనా వదలని ఒక రోజు, మెట్టు మీద కర్ర చప్పుడు వినపడింది. ఒకసారి తట్టి, రెండో మెట్టు ఉందేమోనని మళ్లీ తట్టి.

రాహేలు గారు కౌంటరు మీద కేకు పొట్లం పెట్టారు. కుశలం అడగలేదు, నన్ను అడగనివ్వలేదు. బ్యాగులోంచి మందపు కాగితం ఒకటి తీసి పరిచారు.

"మా బ్లైండ్ స్కూల్లో చదివినోళ్లం పదిమంది దాకా ఉన్నాం, తలా ఒక ఊళ్లో. చాకు ఎట్టా కొనాలో రాసి అందరికీ పంపుతున్నాను. తప్పులుంటే చెప్పండి, మీరు వ్యాపారస్తులు కదా."

కుడి చెయ్యి చాచారు. మచ్చ ఉన్న చూపుడువేలిని మొదటి వరస మీద ఆనించారు. వేలు కదిలింది. కొంచెం నెమ్మదిగా, కానీ ఎక్కడా ఆగకుండా ఎడమ నుంచి కుడికి సాగింది.

"తాళం పడిందో లేదో మీ వేలికి తెలియాలి, చెవికి తెలిస్తే చాలదు. మూసేటప్పుడు ఏ వేలూ బ్లేడు దారిలోకి పోకూడదు. కొనేముందు పిడిని రెండు పక్కల్నుంచి మాత్రమే పట్టుకుని, బ్లేడు వీపును చెక్కకు ఆనించి నొక్కి చూడండి. లాక్ దగ్గర నూనె తగిలితే తుడవమనండి." వేలు చివరి వరసకి దిగింది. అక్కడ కాస్త ఆగి, సాగింది. "ఢిల్లీ వస్తే మునిర్కాలో ప్రసాద్ గారి షాపుకి వెళ్లండి. అడిగితే నిజం చెబుతారు."

నాకు కళ్లు మసకబారాయి.

"క్రిస్మస్‌కి...?" అన్నాను.

"రెండు పేజీలు చదివాను. చెల్లి ముందు వరసలో కూర్చుని ముక్కు చీదుతూనే ఉంది" అని నవ్వారు. "ఇంతకీ తప్పులేమన్నా ఉన్నాయా?"

తప్పులేమీ లేవన్నాను. ఆ చివరి వరస మాత్రం ఇంకొక్కసారి చదవమని అడిగాను. ఆవిడ వేలిని వెనక్కి జరిపి, మళ్లీ మొదటి చుక్క మీద ఆనించారు.